ఫోను పద్దు

ధర్మాబాద్ స్టేషన్ల దిగి రెండు సందులు దాటితే
అడ్రసు అడగక్కర లేదు,
ముక్కే తోలుకొస్తది మా గిర్నికి.

నేనీడ లెక్కలు రాస్త.
కూడేది తెలుగుల, రాసేది మరాఠీల.
ఇరవై ఆరేండ్లల ఒక్క అంకె గూడ
సరిహద్దు దాటుకుంట తప్పిపోలేదు.

ఏప్రిల్ ఒకటిన కొత్త బుక్కు తెరిచినంక
గంగుబాయి సేటాని అడిగింది:
"స్వప్నాలికి నెలకు మూడువేలిస్తున్న.
పొద్దంత మిర్చి కుప్పల ముందట ఫోను పట్టుకొని నిలవడ్తది.
దాంతోని మనకేం గిట్టిందో
జర చూసి చెప్పు భూమన్నా."

గిట్టుడు నాకు తెలిసిన మాటే.
క్వింటాలుకు తొడిమల తరుగెంత,
కిలో కారానికి కరెంటెంత,
కండ్లు మూసుకొని చెప్త.

స్వప్నాలి తెర మీద వేలువెట్టి చూపించింది:
చూసినోళ్లు పద్దెనిమిది వేల నాలుగొందలు,
మెచ్చినోళ్లు తొమ్మిదొందల పదకొండు.
అంతమంది ఒక్కపారే లోపలికొస్తే
మా పాత గోడ ఆగేది కాదు.
ఆ పూట కౌంటరు కాడ నలుగురు.
అండ్ల ఒకాయన చిల్లర కోసం వచ్చిండు.

అయినా పని పనే.
కొత్త పేజీకి గీతలు కొట్టిన.
వచ్చినోళ్లనల్ల అడుగుడు షురూ చేసిన:
మా దుకాణం ఎట్ల ఎరుకైంది?

"నా పెండ్లికి ముందునుంచి ఎరుకే," నవ్విందొకామె.
కొట్టేసిన.
కుండల్‌వాడి సారు ఫోనుల చూసిన అన్నడు.
పావుకిలో. డెబ్భై రూపాయలు.
ఫోను పద్దుల తొలి జమ.
స్వప్నాలి ఆ పేజీకి గూడ ఫోటో దీసింది.

బిలోలిల ఒకామె చూసిందట, కొనలేదు.
బోధన్ల ఆడబిడ్డకు చెప్పిందట.
ఆడబిడ్డకు ఫోనే లేదు.
బస్సెక్కొచ్చి ఐదు కిలోలు పట్టించుకపోయింది.
ఇది ఫోను జమనా, నోటి జమనా?
రెండు గళ్ల నడుమ
గీత మీద రాసిన.

ఎవడో పేరులేనోడు "రంగు కలుపుతరు" అని పెట్టిండు.
ఆ వారం ముగ్గురు పాత గిరాకులు
మా కారాన్ని గ్లాసు నీళ్లల ఏసి చూసిన్రు.
అది ఖర్చుల రాసిన.
దాన్ని కొలుసుడు మాత్రం కష్టం కాలేదు.

ఇగ భివండి పిలగాడు.
ప్రతి వీడియోకు ఎర్రగుండె పెడ్తడు,
గ్రాము గూడ కొనడు.
ఏం తమ్మీ, ఎప్పుడూ చూసుడేనా అని రాయించిన.
రాత్రి మగ్గం పాళి నడుమ జవాబిచ్చిండు:
"మా అవ్వ మీ గిర్నిల తొడిమలు తీసేది.
చూస్తే తుమ్మొస్తది కాకా.
నేను మెస్సుల తింట, కారం ఏం చేసుకోను?"

యాభై కిలోల రాయి కాడికెల్లి
యాభై గ్రాముల దాకా
మా కాంటా పక్కకు అన్నీ ఉన్నయి.
తుమ్ముకు లేదు.

మూడు నెలలకు పేజీ తీస్కపోయి ముందట పెట్టిన.
జీతం తొమ్మిది వేలు.
ఫోను గడిల మిగులు ఆరు వేల రెండొందలు,
గీత మీద మూడు వేల నాలుగొందలు.
గీత ఇటు ఒరిగితే ఆరొందలు లాభం,
అటు ఒరిగితే రెండువేల ఎనిమిదొందలు నష్టం.

సేటాని చానసేపు చూసింది.
"తొంభై ఒకటిల బోర్డుకు రంగులేపిచ్చినం.
అది ఎంత తెచ్చిందట?"

అటక మీది పాత బుక్కు దులిపిన.
నాకంటె ముందున్న గుమాస్తా చేతిరాత:
పెయింటరుకు నాలుగొందలు, చాయలకు ఆరు.
ఎదురుంగ జమ దిక్కు
తెల్ల కాయితం.

సేటాని ఏమనలేదు.
మూడువేలు లెక్కవెట్టింది,
అండ్ల ఐదొందల నోటు ఎన్కకు దీసింది,
మల్ల పెట్టింది.

పేజీ అడుగున మొత్తం పెన్సిలుతోని ఏసిన.
చాయకని బయటికొచ్చి బోర్డు దిక్కు చూస్తే
ఎండకు సగం అక్షరాలు రాలినయి.
"గిర్ని" ఒక్కటే మిగిలింది,
దాంట్ల గూడ గుడి లేదు.